టీబీ రోగికి షుగర్ పరీక్ష: మొదటి రోజు నుంచి మందులు ముగిసేదాకా ఏం చేయాలి, ఏ వరసలో చేయాలి

"టీబీ అని తేలినవాళ్లందరికీ షుగర్ చూడమన్నారు, చూశాం. 160 వచ్చింది. ఇప్పుడేం చేయాలి?" తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఆశాలు, ఏఎన్‌ఎంలు, విలేజ్ క్లినిక్ సీహెచ్‌ఓలు (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లు), ఇంట్లో మందులు మింగించేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇదే. 160 అన్న అంకె ఒక్కటే ఏమీ చెప్పదు. తిన్నాక చూశారా, పరగడుపునా? మిషన్‌లోనా, ల్యాబ్‌లోనా? టీబీ మందులు మొదలైన వారానికా, రెండు నెలలకా? ఇవి తెలిస్తేనే ఆ అంకెకు అర్థం.

షుగర్ ఉన్నవాళ్లకు టీబీ వచ్చే ముప్పు రెండు మూడు రెట్లు ఎక్కువ. టీబీ ఉన్నప్పుడు షుగర్ అదుపులో లేకపోతే తెమడలో క్రిములు పోవడం ఆలస్యమవుతుంది, ప్రాణాపాయం పెరుగుతుంది, నయమయ్యాక మళ్లీ తిరగబెట్టే ముప్పూ ఎక్కువే.

మొదలుపెట్టే ముందే రెండు నియమాలు. ఒక్క రీడింగ్ చూసి షుగర్ ఉందనీ లేదనీ తేల్చేయకూడదు. షుగర్ సంగతి తేలేదాకా అని టీబీ మాత్రలు ఒక్క రోజు కూడా ఆపకూడదు.

(కింద షుగర్ అంకెలన్నీ మన ల్యాబ్ రిపోర్టుల్లో ఉండే మిల్లీగ్రాములు/డెసిలీటర్ లెక్కలోవే.)

1. ఎవరికి, ఎప్పుడు

టీబీ నిర్ధారణ అయిన పెద్దవాళ్లందరికీ చూడాలి. ఊపిరితిత్తుల టీబీ అయినా, మెడ గడ్డల టీబీ అయినా, వెన్నెముక టీబీ అయినా, మందులకు లొంగని టీబీ అయినా తేడా లేదు. సన్నగా ఉన్నారనో, పాతికేళ్ల వయసే కదా అనో వదిలేయడం తరచూ జరుగుతుంది. సన్నగా ఉన్నవాళ్లలోనూ షుగర్ దొరుకుతుంది.

పిల్లల విషయం డాక్టర్ చూస్తారు. గర్భిణులకు పరీక్షా వేరు, అంకెలూ వేరు. వాళ్లను ఈ వరసలో కలపకండి, గర్భిణుల క్లినిక్ ద్వారానే చేయించండి.

మొదటి పరీక్ష టీబీ మందులు మొదలుపెట్టే రోజే, కుదరకపోతే మొదటి వారంలో చేయాలి. హెచ్‌ఐవీ పరీక్షకు రక్తం తీసేటప్పుడే దీన్నీ కానిస్తే రోగి రెండుసార్లు తిరగాల్సిన పని ఉండదు.

మన జిల్లాల్లో ఇంకో సంగతి ఉంది. చిత్తూరు, గుడిపాల, పలమనేరు వైపు చాలామంది వేలూరులో చూపించుకుని అక్కడే టీబీ అని తేలాక ఇంటికొస్తారు. వాళ్ల ఫైల్లో షుగర్ రిపోర్టు ఉండొచ్చు. "అక్కడ అన్నీ చూసేశారు" అన్న మాట నమ్మి ఊరుకోకండి. కాగితం చేతిలోకి తీసుకుని తేదీ, పరీక్ష పేరు, అంకె చూసి కార్డులో రాసుకోండి. కాగితం లేకపోతే పరీక్ష జరగనట్టే లెక్క.

2. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

☐ గ్లూకోమీటర్ (వేలి రక్తంతో షుగర్ చూసే మిషన్), దానికి సరిపోయే స్ట్రిప్‌లు (ఒక కంపెనీ స్ట్రిప్ ఇంకో మిషన్‌కు పనికిరాదు)
☐ స్ట్రిప్ డబ్బా మీద గడువు తేదీ, మూత తీసిన తేదీ
☐ ఒక్కొక్కరికి ఒక్కో కొత్త లాన్సెట్ (వేలికి గుచ్చే చిన్న సూది)
☐ సబ్బు, నీళ్లు, పొడి గుడ్డ. నీళ్లు లేనిచోట స్పిరిట్ దూది
☐ పొడి దూది
☐ లాన్సెట్లు వేయడానికి తెల్లటి గట్టి డబ్బా, రక్తం అంటిన దూదికి పసుపు సంచి
☐ గ్లౌజులు, మీకూ రోగికీ మాస్కులు
☐ టీబీ చికిత్స కార్డు, పెన్ను, గడియారం
☐ చక్కెర పొట్లం (షుగర్ పడిపోయినవాళ్లకు)

స్ట్రిప్‌ల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, తప్పుడు రీడింగులు చాలావరకు ఇక్కడే పుడతాయి కాబట్టి. చాలా బ్రాండ్ల స్ట్రిప్‌లు 30 డిగ్రీల లోపు వేడిలోనే ఉండాలి. కచ్చితమైన అంకె మీ డబ్బా మీదే ఉంటుంది, చదవండి. తిరుపతి ఎండల్లో స్కూటర్ డిక్కీలో స్ట్రిప్‌ల డబ్బా పెట్టి ఊళ్లు తిరిగితే మధ్యాహ్నానికి అవి నమ్మదగ్గవి కావు. భుజాన సంచిలో, నీడన ఉంచండి. ఒక్క స్ట్రిప్ తీయగానే మూత గట్టిగా పెట్టేయండి, గాలిలో తేమ తగిలినా పాడవుతాయి. ఫ్రిజ్‌లో పెట్టకూడదు.

కొత్త డబ్బా తెరిచినప్పుడు, మిషన్ కింద పడినప్పుడు కంట్రోల్ ద్రావణంతో (ఎంత గ్లూకోజ్ ఉందో ముందే తెలిసిన ద్రవం) ఒకసారి సరిచూడండి. వచ్చిన అంకె డబ్బా మీద రాసిన హద్దుల్లో లేకపోతే ఆ డబ్బా వాడొద్దు. కోడ్ అడిగే పాత మిషన్లయితే మిషన్ మీది కోడ్, డబ్బా మీది కోడ్ ఒకటేనా చూసుకోండి.

3. సూది గుచ్చే ముందు అడగాల్సినవి

"షుగర్ ఉందా?" అని అడిగితే "లేదు" అనే వస్తుంది. ఎప్పుడో మాత్రలు వాడి మానేసినవాళ్లు, "తగ్గిపోయింది" అనుకునేవాళ్లు కూడా లేదనే అంటారు. ప్రశ్నలు విడగొట్టి అడగండి:

- పెద్దాయనా, ఇంతకుముందు ఎప్పుడైనా షుగర్ పరీక్ష చేయించుకున్నారా? ఎంత ఉందన్నారు?
- షుగర్‌కు మాత్రలు, సూది, ఆకు రసం, నాటుమందు ఏదైనా వాడారా? ఎప్పుడు ఆపారు?
- అమ్మానాన్నలకు, తోబుట్టువులకు షుగర్ ఉందా?
- (ఆడవాళ్లను) కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిందా?
- రాత్రిపూట ఎన్నిసార్లు మూత్రానికి లేస్తారు? దాహం ఎక్కువగా ఉందా?
- పొద్దున్నుంచి ఏం తిన్నారు, ఏం తాగారు, ఎన్ని గంటలకు?
- స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నారా? మందు తాగుతారా?

బరువు తగ్గడం, నీరసం టీబీలోనూ ఉంటాయి, షుగర్‌లోనూ ఉంటాయి. వాటిని బట్టి షుగర్‌ను అనుమానించలేం. ఎక్కువ దాహం, రాత్రి పదే పదే మూత్రం, పుండ్లు మానకపోవడం, జననాంగాల దగ్గర దురద మాత్రం టీబీ లక్షణాలు కావు. ఇవి కనిపిస్తే రీడింగ్ ఎంతొచ్చినా డాక్టర్‌కు చెప్పండి.

స్టెరాయిడ్ ప్రశ్న మరచిపోకండి. మెదడు పొరల టీబీ, గుండె పొర టీబీ ఉన్నవాళ్లకు ప్రెడ్నిసోలోన్, డెక్సామెథాసోన్ ఇస్తారు. ఇవి షుగర్ పెంచుతాయి. అదీ పరగడుపున కాకుండా మధ్యాహ్నం, సాయంత్రం తిన్నాక ఎక్కువగా పెంచుతాయి. వీళ్లకు పరగడుపు పరీక్ష ఒక్కటే చేసి "నార్మల్" అనుకుంటే మోసపోతారు.

ఈ ప్రశ్నలు వరండాలో అందరి ముందూ అడగొద్దు. టీబీ అన్న మాటకే ముడుచుకుపోయి ఉంటారు, దాని మీద షుగర్ కూడా అంటే నిజం చెప్పరు. గాలి వచ్చే చోట, పక్కన ఎవరూ లేనప్పుడు కూర్చోబెట్టి మాట్లాడండి.

4. వేలి రక్తంతో పరీక్ష: ఒక్కో అడుగు

1. రోగి చేతులు సబ్బుతో కడిగించి, పూర్తిగా ఆరబెట్టించండి. మామిడిపండు తిన్న చేత్తో, ప్రసాదం పట్టుకున్న చేత్తో పరీక్షిస్తే వేలికున్న తీపి కూడా రీడింగ్‌లో కలిసి ఎక్కువ చూపిస్తుంది. స్పిరిట్ వాడితే అది ఆరాకే గుచ్చాలి.

2. చేయి కిందకు వేలాడదీసి అర నిమిషం వేళ్లు ఆడించమనండి. రక్తం తేలిగ్గా వస్తుంది.

3. స్ట్రిప్ మిషన్‌లో పెట్టి, చుక్క గుర్తు వచ్చాక మధ్య వేలికో ఉంగరం వేలికో పక్కభాగాన గుచ్చండి. వేలి మధ్యలో నొప్పి ఎక్కువ.

4. మొదటి చుక్కను పొడి దూదితో తుడిచేసి రెండో చుక్క వాడండి.

5. వేలిని పిండకండి. గట్టిగా పిండితే కణజాలంలోని నీరు రక్తంతో కలిసి రీడింగ్ తప్పుతుంది. రక్తం రాకపోతే ఇంకో వేలికి గుచ్చడమే మేలు.

6. చుక్కను స్ట్రిప్ అంచుకు తాకిస్తే అదే పీల్చుకుంటుంది. చాలకపోతే పైన ఇంకో చుక్క వేయకండి, కొత్త స్ట్రిప్ తీసుకోండి.

7. అంకె కనపడగానే అక్కడికక్కడే రాయండి. గంట తర్వాత గుర్తున్నది రాయకూడదు.

8. లాన్సెట్ తెల్ల డబ్బాలోకి, దూది పసుపు సంచిలోకి. పెన్నులాంటి గుచ్చే పరికరం ఇంట్లో ఒకే మనిషికి సరిపోతుంది కానీ, క్యాంపులో ఒకరి తర్వాత ఒకరికి వాడకూడదు.

టీబీ రోగుల్లో రక్తహీనత బాగా ఎక్కువ. రక్తం తక్కువగా ఉన్నప్పుడు మిషన్ అసలు కంటే కాస్త ఎక్కువ చూపించే అవకాశం ఉంది. మిషన్ రీడింగ్‌తో వడపోత మాత్రమే చేసి, నిర్ధారణ ల్యాబ్‌కు వదలడానికి ఇదొక కారణం.

5. రీడింగ్ వచ్చాక ఏం చేయాలి

తిన్నా తినకపోయినా ఏదో ఒక వేళలో చూసిన రీడింగ్‌కు (ఆర్‌బీఎస్) ఇవీ లెక్కలు.

140 లోపు: ఈ రోజుకు చాలు. కార్డులో రాయండి. వయసు మళ్లినవాళ్లు, ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లు, స్టెరాయిడ్ వాడేవాళ్లు అయితే రెండో నెల చివర మళ్లీ చూడటానికి గుర్తు పెట్టుకోండి.

140 నుంచి 199: పరగడుపు పరీక్ష చేయించాలి. ఒకటి రెండు రోజుల్లో, వీలైతే మర్నాడు పొద్దున్నే. మొదట్లో అడిగిన 160 ఇక్కడికే వస్తుంది. అది షుగర్ అనీ కాదు, కాదనీ కాదు.

200, ఆ పైన: పరగడుపు పరీక్ష తప్పనిసరి, వెంటనే డాక్టర్‌కు చూపించాలి. దాహం, మూత్రం లాంటి లక్షణాలు స్పష్టంగా ఉండి, సిర నుంచి తీసిన రక్తంలో 200 దాటితే డాక్టర్ అప్పుడే షుగర్ అని నిర్ధారించవచ్చు.

300 దాటితే, లేదా అంకెకు బదులు "హై" అని వస్తే: అదే రోజు డాక్టర్ దగ్గరికి. వాంతులు, కడుపునొప్పి, లోతుగా వేగంగా ఊపిరి, మగత, మాట తడబడటం వీటిలో ఏది ఉన్నా ఇంటికి పంపకుండా 108కి ఫోన్ చేయండి. టీబీ ఆయాసమే అనుకుని దీన్ని వదిలేసిన సందర్భాలు ప్రమాదకరం. రెండింటిలోనూ ఊపిరి ఆడనట్టే కనిపిస్తుంది.

70 లోపు: తెలివిలో ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. ఇంకా తక్కువే ఉంటే ఇంకోసారి ఇవ్వండి, పెరిగాక ఏదైనా తినిపించండి. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, 108 పిలవాలి.

6. పరగడుపు పరీక్ష: ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే

కనీసం 8 గంటలు ఏమీ తినకుండా ఉండాలి. మంచినీళ్లు తాగొచ్చు. ఈ రెండు ముక్కలే చెప్పి పంపితే సరిపోదు.

"ఏమైనా తిన్నావా అన్నా?" అంటే "ఏమీ తిన్లేదక్కా, టీ తాగినా అంతే" అంటారు. మనవాళ్లకు టీ తిండి కింద లెక్కకు రాదు. కాబట్టి ముందు రోజే విడిగా చెప్పండి: టీ వద్దు, కాఫీ వద్దు, రాగి జావ వద్దు, పాలు వద్దు, బీడీ, సిగరెట్ వద్దు. ఉదయం రాగానే "టీ తాగారా?" అని మళ్లీ అడగండి. తాగి ఉంటే ఆ రోజు రక్తం తీయించకండి. తప్పు రీడింగ్ కంటే ఒక రోజు ఆలస్యం నయం.

టీబీ మాత్రలు పరగడుపున వేసుకునే అలవాటు కాబట్టి ఆ రోజు వరస ఇలా ఉండాలి: మాత్రలు చేతిలో పట్టుకుని ల్యాబ్‌కు రావడం, రక్తం ఇవ్వడం, వెంటనే మాత్రలు వేసుకోవడం, ఆ తర్వాత టిఫిన్. "రక్త పరీక్ష ఉంది కదా అని ఈ రోజు మాత్రలు వేసుకోలేదు" అనే మాట వినకూడదనుకుంటే ఈ వరస ముందు రోజే చెప్పాలి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ ఇప్పటికే వాడేవాళ్లు మాత్రం ఖాళీ కడుపుతో వాటిని వేసుకోకూడదు. పరీక్షయ్యాక, తిండి దగ్గరున్నప్పుడే.

ల్యాబ్‌లో రక్తం బూడిద రంగు మూత ఉన్న ట్యూబులోకే తీయాలి. అందులో ఫ్లోరైడ్ ఉంటుంది. మామూలు ట్యూబులో తీసి అలాగే ఉంచితే రక్తకణాలు గ్లూకోజ్‌ను తినేస్తూ ఉంటాయి, గంటకు 5 నుంచి 7 శాతం దాకా పడిపోతుంది. పొద్దున ఏడింటికి ఊళ్లో తీసిన రక్తం బస్సులో పదకొండింటికి పెద్ద ల్యాబ్ చేరితే 135 ఉన్న మనిషి రిపోర్టు 110 దగ్గర వచ్చినా ఆశ్చర్యం లేదు. ఫ్లోరైడ్ కూడా మొదటి గంటా రెండు గంటల తగ్గుదలను పూర్తిగా ఆపలేదు. చల్లగా ఉంచి తొందరగా పంపండి, లేదా రోగినే ల్యాబ్ ఉన్న చోటికి పంపండి.

రిపోర్టు చదవడం:

- 126, ఆ పైన: షుగర్. లక్షణాలు లేకపోతే ఇంకో రోజు మళ్లీ చూసో, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ పరీక్ష, కింద 7లో ఉంది) కలిపి చూసో డాక్టర్ ఖాయం చేస్తారు.
- 110 నుంచి 125: హద్దు మీద ఉన్నారు. రెండో నెల చివర తప్పక మళ్లీ చూడాలి. కొన్ని ల్యాబ్‌లు 100 దాటగానే ఈ మాట రాస్తాయి, కంగారు పడొద్దు.
- 110 లోపు: ప్రస్తుతానికి లేదు. ఆర్‌బీఎస్ ఎక్కువగా వచ్చి ఇక్కడ మామూలుగా ఉన్నవాళ్లను కూడా రెండో నెలకు రాసుకోండి.

7. హెచ్‌బీఏ1సీ ఎప్పుడు, ఎంతవరకు నమ్మాలి

జనం "మూడు నెలల షుగర్" అనే పరీక్ష ఇదే. పరగడుపున ఉండాల్సిన పని లేదు, అందుకే అందరికీ ఇష్టం. 6.5 శాతం, ఆ పైన ఉంటే షుగర్ అని లెక్క.

అయితే ఇనుము తక్కువై వచ్చిన రక్తహీనతలో ఈ అంకె అసలుకంటే ఎక్కువ చూపిస్తుంది. ఈమధ్య రక్తం ఎక్కించుకున్నవాళ్లలో, రక్తకణాలు తొందరగా విరిగిపోయే జబ్బులున్నవాళ్లలో తక్కువ చూపిస్తుంది. హిమోగ్లోబిన్ 8 ఉన్న టీబీ రోగికి 6.6 వచ్చిందని షుగర్ మాత్రలు మొదలుపెట్టడం తొందరపాటు. రిపోర్టు పక్కన హిమోగ్లోబిన్ అంకె కూడా రాసి డాక్టర్‌కు చూపించండి.

ఈ పరీక్షతో ఒక లాభం మాత్రం ఉంది. పరగడుపు షుగర్ 180 ఉండి హెచ్‌బీఏ1సీ 9 ఉంటే ఈ షుగర్ టీబీకి ముందు నుంచే ఉందని దాదాపు ఖాయం. పరగడుపు 140, హెచ్‌బీఏ1సీ 5.8 అయితే జబ్బు ఒత్తిడి వల్ల తాత్కాలికంగా పెరిగి ఉండొచ్చు.

గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు చూసే పరీక్ష అందరికీ అక్కర్లేదు. డాక్టర్ రాస్తే 75 గ్రాముల గ్లూకోజ్ పావు లీటరు నుంచి 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి 5 నిమిషాల్లో తాగాలి. రెండు గంటలకు 200 దాటితే షుగర్.

మూత్రంలో షుగర్ చూసే పట్టీలు వద్దు. టీబీ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ వల్ల మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది. దాంట్లో పట్టీ రంగు ఏం తెలుస్తుంది?

8. షుగర్ ఉందని తేలితే

టీబీ మాత్రలు అదే మోతాదులో, రోజూ నడవాలి. షుగర్ మందు డాక్టర్ రాస్తారు. మీరు గమనించాల్సినవి ఇవి.

ఎక్కువమందికి మొదట మెట్‌ఫార్మిన్ ఇస్తారు, తరచూ 500 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి పెంచుతారు. ఇది తిన్నాకే వేసుకోవాలి. టీబీ మాత్రలతో ఒకేసారి మింగితే కడుపులో తిప్పడం రెట్టింపవుతుంది. పొద్దున టీబీ మాత్రలు, అన్నం తిన్నాక మెట్‌ఫార్మిన్ అని వేళలు విడదీయండి. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవాళ్లకు ఇది పనికిరాదు కాబట్టి క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్త పరీక్ష) రిపోర్టు ఉందో లేదో చూడండి.

వాంతులు మొదలైతే షుగర్ మాత్రదో, టీబీ మాత్రదో మీరే తేల్చి ఏదో ఒకటి ఆపేయకండి. కళ్లు పచ్చబడ్డాయా చూసి, ఆ రోజే డాక్టర్‌కు చెప్పండి.

గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు ముందు నుంచి వాడుతున్నవాళ్లలో షుగర్ ఒక్కసారిగా పెరగొచ్చు. రిఫాంపిసిన్ వల్ల కాలేయం ఆ మాత్రలను తొందరగా విరిచేస్తుంది, బలం తగ్గుతుంది. రోగి తిండి తప్పాడని తిట్టేముందు మాత్రల పట్టీ చూడండి. కొలెస్ట్రాల్‌కు వాడే స్టాటిన్ల బలం కూడా ఇలాగే తగ్గుతుంది.

అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు షుగర్ వల్లా వస్తాయి, టీబీ మందు ఐసోనియజిడ్ వల్లా వస్తాయి. షుగర్ ఉన్న టీబీ రోగికి బీ6 మాత్ర (పిరిడాక్సిన్) రాశారో లేదో చూసి, లేకపోతే అడగండి. అలాగే కళ్లు: టీబీ మందు ఇథాంబ్యుటాల్ చూపును దెబ్బతీయగలదు, షుగర్ కూడా అంతే. మొదట్లోనే చూపు పరీక్ష చేయించి రాసి ఉంచితే తర్వాత మసక వచ్చినప్పుడు పోల్చుకోవడానికి వీలుంటుంది.

ఇన్సులిన్ రాసినవాళ్ల ఇంట్లో ఫ్రిజ్ ఉందా అడగండి. లేకపోతే నీడన తడి ఇసుక మీద పెట్టిన మట్టికుండలో, సీసాకు నీళ్లు తగలకుండా ఉంచమనండి.

9. తిండి: రెండు సలహాలు ఎదురెదురు పడే చోటు

టీబీ అంటే "బాగా తిను" అంటారు, షుగర్ అంటే "తగ్గించు" అంటారు. రోగి ఏదో ఒకటి విని రెండోది వదిలేస్తాడు, ఎక్కువసార్లు తిండి మానేస్తాడు. టీబీ మనిషి చిక్కిపోకూడదు. తగ్గించాల్సింది తీపినీ, అన్నం సంగటి మోతాదునూ. పప్పు, గుడ్డు, మాంసం, అలసందలు, ఉలవలు, శనక్కాయలు పెంచాలి.

రాగి సంగటి షుగర్‌కు మంచిదన్న మాట మనవైపు గట్టిగా ఉంది. మంచిదే కానీ ముద్ద పరిమాణం మీద ఆధారపడి ఉంటుంది. పెద్ద ముద్దలు రెండు తిని పైన పలచటి పులుసు పోసుకుంటే షుగర్ పెరుగుతుంది. ముద్ద సగం చేసి, పప్పో కోడిగుడ్డు కూరో, పక్కన ఆకుకూరో పెట్టండి.

బెల్లం "చక్కెర కాదు కదా" అని వాడతారు. షుగర్ పెంచడంలో రెండూ ఒకటే. మామిడి కాలంలో ఇంట్లో గంపలు నిండి ఉంటాయి, అసలే తినొద్దంటే ఎవరూ వినరు. భోజనంతో కాకుండా, ఒక చిన్న ముక్క, రసం తీయకుండా అని చెబితే కొంతైనా వింటారు.

పరామర్శకు వచ్చినవాళ్లు తెచ్చే గ్లూకోజ్ పొడి, పాలలో కలిపే మాల్ట్ పొడి, బాటిల్ జ్యూసుల సంగతి విడిగా అడగండి. రోగి వాటిని మందుల కింద లెక్కేసుకుంటాడు, తిండిలో చెప్పడు. టీబీ రోగుల తిండి కోసం ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పోషణ్ కింద నెలకు 1,000 రూపాయలు వస్తాయి (2024 నవంబరు దాకా 500 ఉండేది). ఆ డబ్బు గుడ్లకు, పప్పుకు వెళ్లేలా ఇంట్లోవాళ్లతో మాట్లాడండి.

10. రెండో నెల చివర మళ్లీ పరీక్ష

ఎక్కువగా ఎగిరిపోయే మెట్టు ఇదే. టీబీ ముదిరి ఉన్నప్పుడు ఒంట్లోని ఒత్తిడి వల్ల షుగర్ పెరుగుతుంది. మందులు పనిచేసి జ్వరం తగ్గాక కొందరిలో అది మామూలు స్థాయికి దిగుతుంది. మొదటి వారంలోని అంకె పట్టుకుని జీవితాంతం షుగర్ రోగి అని ముద్ర వేయకూడదు. దానికి ఎదురు కూడా నిజమే: ఆకలి తిరిగొచ్చి బాగా తినడం మొదలయ్యాక దాగి ఉన్న షుగర్ బయటపడుతుంది.

తెమడ పరీక్షకు పిలిచే రోజే పరగడుపున రమ్మనండి. ఎవరెవరిని పిలవాలంటే:

☐ మొదట 140 దాటినవాళ్లందరినీ
☐ 140 లోపే వచ్చినా వయసు మళ్లినవాళ్లను, ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లను
☐ పరగడుపున 110–125 వచ్చినవాళ్లను
☐ కొత్తగా షుగర్ అని తేలి, మందు మొదలైనవాళ్లను
☐ స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లను (వీళ్లకు తిన్న రెండు గంటల పరీక్ష కూడా)
☐ మొదట్లో అసలు పరీక్షే జరగనివాళ్లను

ఇక్కడ పరగడుపు పరీక్షే వాడండి. రెండు నెలలకే హెచ్‌బీఏ1సీ చేయిస్తే జ్వరంతో ఉన్న పాత రోజుల షుగర్ కూడా అందులో కలిసే ఉంటుంది.

11. ఎలా రాయాలి, ఎక్కడికి ఎలా పంపాలి

"షుగర్ నార్మల్" అని రాసిన కార్డు ఎవరికీ ఉపయోగపడదు. ఇలా రాయండి: "తేదీ 12, ఉదయం 10.40, ఇడ్లీ తిన్న గంటన్నరకు, మిషన్, 186. రేపు పరగడుపున ల్యాబ్." నిక్షయ్ పోర్టల్‌లో (టీబీ రోగుల వివరాలు ఎక్కించే ప్రభుత్వ వెబ్‌సైట్) షుగర్ పరీక్ష అయిందా, ఫలితమేంటి, చికిత్స మొదలైందా అన్న గడులు అదే రోజు నింపించండి, లేకపోతే ఎస్‌టీఎస్‌కు (టీబీ సీనియర్ ట్రీట్‌మెంట్ సూపర్‌వైజర్) ఫోన్‌లో చెప్పండి.

మొదటి మెట్టు పీహెచ్‌సీ డాక్టరే. షుగర్ బాగా ఎక్కువున్నా, మూత్రపిండాలో కళ్లో దెబ్బతిన్నా, మందులకు లొంగని టీబీ అయినా దగ్గరి ఏరియా ఆసుపత్రికి, చిత్తూరు జిల్లా ఆసుపత్రికి, తిరుపతిలో రుయాకు గానీ స్విమ్స్‌కు గానీ పంపుతారు.

పంపేటప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోని సంగతి ఒకటుంది. షుగర్ క్లినిక్ వరసలో కూర్చునేవాళ్లంతా టీబీ తొందరగా అంటుకునే ముప్పు ఉన్నవాళ్లే. మందులు మొదలైన తొలి వారాల్లో ఊపిరితిత్తుల టీబీ రోగిని ఆ గుంపులో రెండు గంటలు కూర్చోబెట్టడం తప్పు. ముందే ఫోన్ చేసి, మాస్క్ పెట్టి, ముందు నంబర్‌లో చూసి పంపేలా మాట్లాడండి.

రోగి ఇంట్లో షుగర్ ఉన్న మనిషి ఉంటే వాళ్ల పేరు కార్డు వెనక రాసుకోండి. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం ఉన్నాయేమో వాళ్లనే మొదట అడగండి.

12. తరచూ కనిపించే చిక్కులు, వాటికి విరుగుడు

రీడింగ్ ఒకసారి 240, పది నిమిషాలకు 170: చేతులు కడగలేదు, లేదా వేలు పిండారు. కడిగించి ఇంకో చేతికి గుచ్చండి. అప్పటికీ తేడా ఉంటే స్ట్రిప్ డబ్బా మార్చండి.

మిషన్‌లో పరగడుపు 131, ల్యాబ్‌లో 112: ల్యాబ్ ట్యూబు రంగు, రక్తం తీసిన వేళ, పరీక్ష చేసిన వేళ అడగండి. అవి సరిగ్గా ఉంటే ల్యాబ్ అంకే ప్రమాణం.

"షుగర్ తగ్గాకే టీబీ మందులు మొదలెడదాం అన్నారు": కుదరదు. రెండూ కలిసే నడవాలి. అదే రోజు టీబీ అధికారికో పీహెచ్‌సీ డాక్టర్‌కో చెప్పండి.

పరీక్షకు మూడుసార్లు పిలిచినా రాలేదు: కూలిపని పోతుందేమో అడగండి. పొద్దున ఆరున్నరకే ఇంటి దగ్గర వేలి రక్తంతో పరగడుపు రీడింగ్ తీసుకోండి. నిర్ధారణకు చాలదు కానీ, 126 దాటితే ఆ అంకె చూసి వాళ్లే ల్యాబ్‌కు కదులుతారు.

పాత షుగర్ రోగి కదా, మళ్లీ పరీక్షెందుకు: వాళ్లకు షుగర్ ఉందో లేదో అని చూడటం లేదు, ఇప్పుడు ఎంతుందో చూస్తున్నాం. టీబీ వచ్చిందంటే చాలామందిలో అదుపు తప్పే ఉంటుంది.

13. టీబీ మందులు ముగిసే వారం

టీబీ మందులు ఆగడంతోనే చాలామంది ఆసుపత్రికి రావడం మానేస్తారు, షుగర్ మందులూ అక్కడితో ఆగిపోతాయి. ఇంకో ప్రమాదం కూడా ఉంది. రిఫాంపిసిన్ ఉన్నన్నాళ్లు గ్లిమెపిరైడ్ లాంటి మాత్రల మోతాదు పెంచి ఉంటే, రిఫాంపిసిన్ ఆగిన రెండు వారాల్లో వాటి బలం తిరిగొస్తుంది. పాత పెంచిన మోతాదే వేసుకుంటూ ఉంటే షుగర్ పడిపోయి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తాయి.

చివరి వారంలో చేయాల్సినవి:

☐ పరగడుపు షుగర్, వీలైతే హెచ్‌బీఏ1సీ
☐ షుగర్ మాత్రల మోతాదు మార్చాలా అని డాక్టర్‌ను అడగడం
☐ షుగర్ పడిపోయే లక్షణాలు, చక్కెర నీళ్ల విరుగుడు రోగికీ ఇంట్లోవాళ్లకీ చెప్పడం
☐ ఎన్‌సీడీ (షుగర్, బీపీ లాంటి అంటని జబ్బుల) రిజిస్టర్‌లో పేరు ఎక్కించి, నెలనెలా షుగర్ మందులు ఎక్కడ తీసుకోవాలో చెప్పడం
☐ టీబీ మందులు ఆగిన రెండు వారాలకు ఒకసారి మిషన్‌తో చూడటానికి తేదీ రాసి ఇవ్వడం